కారులోంచి ‘గెట్ డౌన్’ వద్దు: రాకపోకల ఫ్రేజల్ వెర్బులు రోజూ మాటల్లో వాడడం ఎలా?

‘ఫ్రేజల్ వెర్బుల లిస్టు ఉంటే పంపండి’ అని నన్ను వారానికి ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు. (ఫ్రేజల్ వెర్బు అంటే ‘గెట్ అప్’, ‘కమ్ బ్యాక్’ లాగా క్రియ పక్కన ఓ చిన్న ముక్క చేరి, రెండూ కలిసి ఒక అర్థమిచ్చే మాట.) పంపిస్తా. రెండు నెలలకి అదే మనిషి మళ్ళీ అదే లిస్టు అడుగుతాడు. అక్షరక్రమంలో మూడొందల ముక్కలు బట్టీ పట్టినవాళ్ళు కూడా ఫోన్లో ‘ఐ స్టార్టెడ్ ఫ్రమ్ హోమ్’ అనే అంటున్నారు. అందుకని ఈసారి లిస్టు ఇవ్వడం లేదు. పొద్దున లేచి రాత్రి పడుకునేదాకా మనం చేసే రాకపోకల్ని, అంటే ఎక్కడం, దిగడం, బయల్దేరడం, దింపడం, తిరిగిరావడం లాంటివాటిని, ఇంగ్లీషువాళ్ళు ఎలా చెబుతారో అలా చెప్పడం వరకే చూద్దాం. మిగతా ఫ్రేజల్ వెర్బుల జోలికి పోవడం లేదు.

నేనైతే పరువు పోగొట్టుకుని నేర్చుకున్నా. అమెరికా నుంచి మా క్లయింటు ఒకాయన మొదటిసారి హైదరాబాద్ వచ్చాడు, చార్మినార్ చూపిద్దామని తీసుకెళ్ళా. మదీనా చౌరస్తా దగ్గర వెనక ఒకటే హారన్లు. డ్రైవరు కారు ఓ పక్కకి తీసి ‘జల్దీ దిగండి సార్’ అన్నాడు. నేను కంగారులో ఆయన వైపు తిరిగి ‘గెట్ డౌన్, గెట్ డౌన్!’ అని అరిచా. ఆయన దిగలేదు. రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముందు సీటు వెనక్కి వంగిపోయాడు. ఎవరో ఏదో విసురుతున్నారనుకున్నాడట పాపం. అలా గట్టిగా ‘గెట్ డౌన్’ అంటే వాళ్ళకి ‘తల దించు, కిందికి వంగు’ అని అర్థం. నేను అనాల్సింది ‘లెట్స్ గెట్ ఔట్ హియర్’.

కావలసినవి

ఒక నోటుబుక్కు. ఫోన్లో వాయిస్ రికార్డరు. నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన డిక్షనరీ ఏదైనా ఒకటి: ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడూ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. మామూలు ఇంగ్లీష్-తెలుగు డిక్షనరీ ఈ పనికి రాదు, ఎందుకో ఆరో మెట్టులో చెబుతా. అన్నిటికన్నా ముఖ్యం మీ రోజువారీ ప్రయాణం. మెట్రో అయినా, ఆర్టీసీ బస్సయినా, బైకయినా సరే. వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్ళకి అపార్ట్‌మెంటు మెట్లు, లిఫ్టు, పాల ప్యాకెట్టు చాలు.

ఇంగ్లీషు వాక్యాల్ని కూడా ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నా. చదవడానికి మొదట్లో కొంచెం తిక్కగా ఉంటుంది గానీ, ఇవన్నీ నోటితో అనాల్సినవి కాబట్టి పైకి చదివితే దారిలో పడతారు.

1. ముందు తెలుగులో పది వాక్యాలు రాయండి

నిన్న మీరు ఎక్కడెక్కడికి కదిలారో రాయండి. ఇంట్లో ఎలా చెబుతారో అలాగే. నావి ఇవి:

పొద్దున ఆరింటికి లేచా. పాల ప్యాకెట్టు కోసం కిందికెళ్ళా. మళ్ళీ పైకొచ్చా. పాపని స్కూలు దగ్గర దింపా. తొమ్మిదింటికి బయల్దేరా. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కా. అమీర్‌పేటలో దిగి రాయదుర్గం రైలెక్కా. సాయంత్రం వచ్చేటప్పుడు తమ్ముడి ఇంటికి వెళ్ళొచ్చా. వాణ్ణి బైకు మీద మెట్రో దాకా దిగబెట్టమన్నా. పదింటికి ఇల్లు చేరా.

జాగ్రత్త: నేరుగా ఇంగ్లీషులో మొదలుపెట్టకండి. ఇంగ్లీషులో మొదలుపెడితే మీకు ఇప్పటికే వచ్చిన మాటలతోనే సర్దేస్తారు, రాని చోటు ఎక్కడో బయటపడదు.

2. దిక్కు ఎక్కడుందో గీత గీయండి

ఇక్కడే అసలు తిరకాసు. తెలుగులో దిక్కు చాలావరకు క్రియలోనే దాక్కుని ఉంటుంది. ‘ఎక్కా’ అంటే పైకి, ‘దిగా’ అంటే కిందికి, ‘దాటా’ అంటే ఇటునుంచి అటు. వేరే మాట అక్కర్లేదు. ఇంగ్లీషు మాటల్లో దిక్కు క్రియ పక్కన ఒక చిన్న ముక్కగా నిలబడుతుంది: అప్, డౌన్, ఇన్, ఔట్, ఆన్, ఆఫ్, బ్యాక్, ఓవర్, అవే, అరౌండ్, త్రూ, పాస్ట్, అలాంగ్. క్రియ మాత్రం తొంభై శాతం ‘గో’, ‘కమ్’, ‘గెట్’ అనే మూడింటితో గడిచిపోతుంది (ఈ తొంభై లెక్క నా నోటి లెక్కే, కొలిచింది కాదు). భాషలు దిక్కును ఎక్కడ పెడతాయన్న దాని మీద లియొనార్డ్ టాల్మీ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త చాలా రాశాడు. మనకి ఈ ఒక్క ముక్క చాలు, సిద్ధాంతం ఇక్కడితో ఆపేద్దాం.

ఇప్పుడు మీ పది వాక్యాల్లో ప్రతిదాని పక్కనా ఆ చిన్న ముక్క మాత్రమే రాయండి, క్రియ వద్దు. లేచా: అప్. కిందికెళ్ళా: డౌన్. పైకొచ్చా: బ్యాక్ అప్ (పైకీ వచ్చా, తిరిగీ వచ్చా, అందుకని రెండు ముక్కలు). పాపని దింపా: ఆఫ్. మెట్రో ఎక్కా: ఆన్. దిగా: ఆఫ్.

తర్వాతే క్రియ తగిలించండి. ‘ఐ గాట్ అప్ ఎట్ సిక్స్. ఐ వెంట్ డౌన్ ఫర్ మిల్క్. ఐ కేమ్ బ్యాక్ అప్.’ చాలా చప్పగా ఉన్నాయి కదా? వాళ్ళు రోజూ మాట్లాడేది ఇంత చప్పగానే. ‘డిసెండెడ్’, ‘ఎసెండెడ్’ లాంటివి పరీక్ష పేపర్లకి దాచుకోండి.

‘పైకొచ్చా’కి చాలామంది ‘అగైన్ ఐ కేమ్ టు అప్’ అంటారు. ‘అప్’, ‘డౌన్’, ‘బ్యాక్’, ‘హోమ్’, ‘హియర్’, ‘దేర్’, వీటి ముందు ‘టు’ పెట్టకూడదు. ‘కమ్ టు హియర్’, ‘గో టు దేర్’, ‘వెంట్ టు హోమ్’ మూడూ తప్పే. మన ‘ఇక్కడికి’, ‘ఇంటికి’లో ఉన్న ‘కి’ని లాక్కెళ్ళి అక్కడ ‘టు’గా అతికించడం వల్ల వచ్చే తప్పు ఇది. ‘కమ్ హియర్’, ‘గో హోమ్’, అంతే.

3. ఎలా కదిలారో క్రియలో పెట్టండి

మనం ‘పరిగెత్తుకుంటూ లోపలికొచ్చాడు’ అంటాం. పరుగు ముందొస్తుంది, ‘కుంటూ’తో, అసలు క్రియ ‘వచ్చాడు’. ఇంగ్లీషులో ఇది తిరగబడుతుంది. పరుగే క్రియ, లోపలికి అన్నది చిన్న ముక్క: ‘హీ రాన్ ఇన్.’ మూడు మాటల్లో అయిపోయింది. మనవాళ్ళు ‘హీ కేమ్ ఇన్‌సైడ్ బై రన్నింగ్’ అంటారు.

ఇంకొన్ని చూడండి.

గబగబా మెట్లు దిగింది: ‘షీ రష్డ్ డౌన్ ది స్టెయిర్స్.’
మీటింగు మధ్యలో మెల్లగా జారుకున్నాడు: ‘హీ స్లిప్డ్ ఔట్.’
సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు: ‘హీ రోడ్ ఆఫ్ ఆన్ హిజ్ సైకిల్.’
పాకుతూ మంచం కిందికి దూరింది: ‘షీ క్రాల్డ్ అండర్ ది బెడ్.’
నడుచుకుంటూ తిరిగొచ్చాం: ‘వీ వాక్డ్ బ్యాక్.’

ఈ ‘క్రాల్’ని సంక్రాంతికి విజయవాడ హైవే మీద వాడి చూడండి. పంతంగి టోల్ దగ్గర కార్లన్నీ నత్తనడక నడిచాయని చెప్పాలంటే ‘ది ట్రాఫిక్ వాజ్ వెరీ స్లో స్లో’ అని సాగదీయక్కర్లేదు, ‘వీ క్రాల్డ్ అలాంగ్ ఫర్ టూ అవర్స్’ అంటే చాలు.

సరిచూసుకోవడం తేలిక. మీ వాక్యంలో ‘బై వాకింగ్’, ‘బై రన్నింగ్’, ‘బై డ్రైవింగ్’ కనిపిస్తే ఆగండి. ఆ ‘బై’ తర్వాతి మాటని క్రియ చేసేసి ‘కేమ్’, ‘వెంట్’ తీసేయండి. పదిలో తొమ్మిదిసార్లు వాక్యం దానంతటదే కుదురుకుంటుంది.

4. ఎక్కడం, దిగడం

ఎక్కువ ప్రశ్నలు దీని మీదే వస్తాయి, కాబట్టి కాస్త ఓపికగా చదవండి. తెలుగులో బస్సయినా, కారయినా, ఆటో అయినా, గుర్రమైనా ‘ఎక్కు’ ఒక్కటే. ఇంగ్లీషులో రెండు జతలున్నాయి.

లోపల నిలబడి నాలుగడుగులు వేయగలిగే బండికి ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. బస్సు, రైలు, మెట్రో, విమానం, ఓడ.

తల వంచి దూరి కూర్చునే బండికి ‘గెట్ ఇన్’, ‘గెట్ ఔట్’. కారు, క్యాబ్, ఆటో.

మరి బైకు? కాలు అటొకటి ఇటొకటి వేసి పైన కూర్చుంటాం కాబట్టి ‘ఆన్’, ‘ఆఫ్’. సైకిలూ గుర్రమూ కూడా ఇంతే. లిఫ్టుకి ‘గెట్ ఇన్’ అనండి, సరిపోతుంది. అమెరికన్లు ‘గెట్ ఆన్’ అనడం కూడా వినిపిస్తుంది, కంగారు పడకండి.

నా వాక్యాలు ఇలా అయ్యాయి: ‘ఐ గాట్ ఆన్ ది మెట్రో ఎట్ ఎల్బీ నగర్. ఐ గాట్ ఆఫ్ ఎట్ అమీర్‌పేట్ అండ్ గాట్ ఆన్ ది ట్రెయిన్ టు రాయదుర్గ్.’

మూడు చోట్ల జారతారు.

మొదటిది, ‘గెట్ ఆఫ్ ఫ్రమ్ ది బస్’. ‘బస్సులోంచి’లో ఉన్న ‘లోంచి’ కోసం ‘ఫ్రమ్’ వెతుక్కుంటాం. అవసరం లేదు, ‘గెట్ ఆఫ్ ది బస్’ చాలు. కారు దగ్గర మాత్రం ‘గెట్ ఔట్ ఆఫ్ ది కార్’, అక్కడ ‘ఆఫ్’ వదిలేయకండి. తెలుగులో రాస్తే రెండూ ‘ఆఫ్’లే గానీ మాటలు వేరు: బస్సు దిగే ‘ఆఫ్’ని గట్టిగా ‘ఫ్’తో ముగించాలి, కారు దిగేటప్పటిది ‘అవ్’ అన్నట్టు మెత్తగా పలుకుతుంది.

రెండోది, ‘గెట్ ఔట్’ అంటే తిట్టు అన్న భయం. స్కూల్లో మాస్టారు క్లాసులోంచి గెంటేసినప్పుడు విన్న మాట కదా, అతిథితో అనడానికి నోరు రాదు. ఆజ్ఞలా ఒంటరిగా ‘గెట్ ఔట్!’ అంటే నిజంగానే ‘బయటికి పో’. ముందు కాస్త మెత్తదనం చేర్చండి: ‘వీ కెన్ గెట్ ఔట్ హియర్’, ‘యూ కెన్ గెట్ ఔట్ ఆన్ దిస్ సైడ్’. ఎవరూ ఏమీ అనుకోరు.

మూడోది, అసలు ‘గెట్ డౌన్’ ఎక్కడా వాడకూడదా? వాడొచ్చు. నిచ్చెన, చెట్టు, గోడ, బల్ల మీదనుంచి దిగేటప్పుడు అదే సరైన మాట. ‘గెట్ డౌన్ ఫ్రమ్ ద వాల్!’ అని పిల్లల్ని కేకేయొచ్చు. బస్సుకి ‘గెట్ డౌన్’ అనడం మన దేశం ఇంగ్లీషులో బాగా పాతుకుపోయింది, ఇక్కడ ఎవరితో అన్నా అర్థమవుతుంది. దాన్ని తప్పని చిన్నచూపు చూడను. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మాత్రం ‘ఆఫ్’, ‘ఔట్’ అలవాటు చేసుకోండి.

ఎక్కాక సీట్లో ‘కొంచెం జరగండి’ అనాలి కదా. ‘అడ్జస్ట్ ప్లీజ్’ బయట పనిచేయదు. ‘కుడ్ యూ మూవ్ ఓవర్ ఎ లిటిల్?’ అనండి. కండక్టరు ‘ముందుకు జరగండి, ముందుకు జరగండి’ అనేది ‘మూవ్ అలాంగ్, ప్లీజ్’. దిగేటప్పుడు ద్వారం దగ్గర ఎవరో అడ్డంగా నిలబడితే ‘సైడ్ ప్లీజ్’ కాదు, ‘ఎక్స్‌క్యూజ్ మీ, కెన్ ఐ గెట్ పాస్ట్?’

5. బయల్దేరడం, వచ్చేశా, దాటేశా

హైదరాబాదులో సగం ఫోన్ సంభాషణలు ఇవే. ‘ఎక్కడున్నావ్?’ ‘స్టార్ట్ అయ్యా.’ (ఇంకా స్నానం కూడా కాలేదని ఇద్దరికీ తెలుసు, అది వేరే సంగతి.) ఈ ‘స్టార్ట్’ని అలాగే ఇంగ్లీషులోకి తీసుకెళ్ళి ‘ఐ స్టార్టెడ్ ఎట్ ఎయిట్’ అంటే, అవతలి మనిషి ఏం మొదలుపెట్టావని చూస్తాడు. పనా? మీటింగా? నన్ను ఒకావిడ కాల్‌లో నిజంగానే అడిగింది, ‘స్టార్టెడ్ వాట్?’ అని.

వాడాల్సినవి: ‘ఐ సెట్ ఆఫ్ ఎట్ ఎయిట్’ (బ్రిటిష్‌వాళ్ళ నోట ఎక్కువ), ‘ఐ హెడెడ్ ఔట్ ఎట్ ఎయిట్’ (అమెరికన్ల నోట ఎక్కువ), లేదా ఫ్రేజల్ వెర్బు లేకుండా ‘ఐ లెఫ్ట్ ఎట్ ఎయిట్’. దారిలో ఉంటే ‘ఐయామ్ ఆన్ మై వే’. ‘టేక్ ఆఫ్’ కూడా ఉంది. విమానానికి అది గాల్లోకి లేవడం, మనిషికైతే ఉన్నట్టుండి వెళ్ళిపోవడం. ‘హీ టుక్ ఆఫ్ రైట్ ఆఫ్టర్ లంచ్’ అంటే భోజనం కాగానే ఉడాయించాడని.

‘అమీర్‌పేట దాటా’ అనడానికి ‘ఐ క్రాస్డ్ అమీర్‌పేట్’ అంటాం. ‘క్రాస్’ అంటే వాళ్ళకి రోడ్డో, వంతెనో, సరిహద్దో అడ్డంగా దాటడం గుర్తొస్తుంది. ‘ఐ జస్ట్ వెంట్ పాస్ట్ అమీర్‌పేట్’ అనండి.

ఇక ‘వెళ్ళొస్తా’. మనకి గుమ్మం దాటుతూ ‘వెళ్తా’ అనడం అశుభం, ‘వెళ్ళొస్తా’ అనాలి. దాన్ని ‘ఐ విల్ గో అండ్ కమ్’ అంటే విదేశీ సహోద్యోగి నిజంగానే మీరొస్తారని కాసేపు చూస్తాడు. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు ‘ఐయామ్ ఆఫ్’, ‘ఐయామ్ హెడింగ్ ఔట్, సీ యూ టుమారో’. నిజంగా అయిదు నిమిషాల్లో వచ్చేదుంటేనే ‘ఐల్ బి రైట్ బ్యాక్’.

తమ్ముడింటికి వెళ్ళొచ్చిన సంగతి? పనిగట్టుకుని వెళితే ‘ఐ వెంట్ ఓవర్ టు మై బ్రదర్స్ ప్లేస్’. దారిలో ఓసారి తొంగిచూసి వస్తే ‘ఐ స్టాప్డ్ బై మై బ్రదర్స్ ప్లేస్’. వెళ్ళానంటే వచ్చానని వాళ్ళే అర్థం చేసుకుంటారు, ‘అండ్ కేమ్’ తగిలించక్కర్లేదు. ఇంటికి రమ్మనడానికి ‘కమ్ ఓవర్’. ‘కమ్ టు మై హౌస్’లో తప్పులేదు గానీ, ‘వై డోంట్ యూ కమ్ ఓవర్ ఆన్ సండే?’లో ఆప్యాయత వినిపిస్తుంది.

6. ఎవరినైనా దింపడం, ఎక్కించుకోవడం: ముక్క ఎక్కడ పెట్టాలి

ఇప్పటిదాకా మనం ఒక్కళ్ళమే కదిలాం. ఇంకొకర్ని కదిపేటప్పుడు మాటల వరుస గొడవ మొదలవుతుంది.

‘పాపని దింపా’: ‘ఐ డ్రాప్డ్ ఆఫ్ మై డాటర్’ అనొచ్చు, ‘ఐ డ్రాప్డ్ మై డాటర్ ఆఫ్’ అనీ అనొచ్చు. రెండూ సరైనవే. కానీ ‘పాప’ బదులు ‘ఆమె’ అంటే మాత్రం మధ్యలోనే రావాలి: ‘ఐ డ్రాప్డ్ హర్ ఆఫ్.’ ‘డ్రాప్డ్ ఆఫ్ హర్’ తప్పు. ఇలాగే ‘పిక్ మీ అప్ ఎట్ సెవెన్’. ‘పిక్ అప్ మీ’ తప్పు. ‘హిమ్, హర్, మీ, యూ, అస్, దెమ్, ఇట్’, ఈ చిన్న మాటలేవైనా క్రియకీ ముక్కకీ నడుమ దూరాలి.

మరి ‘గెట్ ఆన్ ది బస్’ సంగతేంటి, ‘గెట్ ఇట్ ఆన్’ అనాలా? వద్దు, వద్దు, దాని అర్థం వేరే దారి పడుతుంది. ‘గెట్ ఆన్ ఇట్’ అనే అనాలి. ‘రన్ ఇంటూ’ కూడా విడిపోదు: ‘ఐ రాన్ ఇంటూ హిమ్ ఎట్ కోఠీ’, అనుకోకుండా కోఠీలో కలిశాడు. (కారు నడుపుతూ కలిశారని చెప్పేటప్పుడు ఈ మాట వాడకండి, గుద్దేశారనుకుంటారు.)

ఏది విడిపోతుందో ఏది విడిపోదో బట్టీ పట్టొద్దు. దీనికే ఆ డిక్షనరీ. ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్ లాంటివాటిలో ‘పిక్ అప్’ కోసం వెతికితే, ‘సమ్‌బడీ’, ‘సమ్‌థింగ్’ అన్న మాటలు ఎక్కడ కూర్చోవాలో ఆ పదం దగ్గరే చూపిస్తారు. నడుమ ఉంటే విడిపోతుంది, చివరే ఉంటే విడిపోదు. ఇంగ్లీష్-తెలుగు డిక్షనరీ ‘ఎత్తుకొను, ఎక్కించుకొను’ అని అర్థం ఇచ్చి ఊరుకుంటుంది.

పలికేటప్పుడు ఇంకో చిన్న సంగతి. ‘పిక్ మీ అప్’లో ఊనిక ‘అప్’ మీద పడాలి. మనం అలవాటుగా ‘పిక్’ని గట్టిగా అని ‘అప్’ని మింగేస్తాం, ఆ మింగేసిన ముక్కలోనే అర్థం ఉంటుంది.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు బయట ఒక్క గంట నిలబడితే ఈ మెట్టంతా కళ్ళ ముందే కనిపిస్తుంది. ఒక్కడు మాస్టర్స్‌కి వెళుతుంటే పదిహేను మంది వస్తారు, రెండు పచ్చడి డబ్బాలు బ్యాగులో పట్టక చేతిలో ఉంటాయి. వాళ్ళంతా వచ్చింది ‘టు సీ హిమ్ ఆఫ్’, సాగనంపడానికి. ‘టు సెండ్ ఆఫ్ హిమ్’ కాదు. ‘సెండ్-ఆఫ్’ అంటే వీడ్కోలు వేడుక. ఆ పక్క అరైవల్స్‌లో పూలదండతో నిలబడ్డవాళ్ళు వచ్చింది ‘టు పిక్ దెమ్ అప్’. ‘టు రిసీవ్ దెమ్’ అని మనం అంటాం. తప్పని కాదు, ఇంటి మనుషుల విషయంలో మరీ సర్కారీగా ఉంటుంది.

7. తిరిగి రావడం

‘రిటర్న్ బ్యాక్’ అంటారు జనం. ‘తిరిగి వచ్చా’లో మనకి రెండు మాటలున్నాయి కాబట్టి అక్కడా రెండు ఉండాలనిపిస్తుంది. ‘రిటర్న్’లోనే ‘తిరిగి’ ఉంది. ‘కమ్ బ్యాక్’ అనండి, లేదా ‘గో బ్యాక్’. ఏదంటారు? దీనికి తెలుగునే నమ్ముకోండి. ‘తిరిగొచ్చా’ అనేచోట ‘కేమ్ బ్యాక్’, ‘తిరిగెళ్ళా’ అనేచోట ‘వెంట్ బ్యాక్’, దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. పండక్కి ఊరికెళ్ళడం: ‘ఐ వెంట్ బ్యాక్ హోమ్ ఫర్ సంక్రాంతి’. ‘నేటివ్ ప్లేస్’ వదిలేయండి.

8. ఫోన్లో దారి చెప్పడం

ఇది పెద్ద పరీక్ష, అన్నీ ఒకేసారి వస్తాయి. ముందు రాసుకుని, తర్వాత చూడకుండా రికార్డు చేయండి. ఎల్బీనగర్ దగ్గర మా ఇంటికి వచ్చే అతిథికి నేను చెప్పేది:

‘కమ్ డౌన్ ది మెయిన్ రోడ్ అండ్ గో పాస్ట్ ది మెట్రో స్టేషన్. టర్న్ అరౌండ్ ఎట్ ది నెక్స్ట్ యూ-టర్న్ అండ్ కమ్ బ్యాక్ ఎ లిటిల్. స్లో డౌన్ వెన్ యూ సీ ది టెంపుల్. పుల్ ఓవర్ నెక్స్ట్ టు ది మెడికల్ షాప్. ఐల్ కమ్ డౌన్ అండ్ గెట్ యూ.’

‘పుల్ ఓవర్’ అంటే బండి రోడ్డు పక్కకి తీసి ఆపడం. దాటిపోతే ‘టేక్ రివర్స్’ అనకండి, ‘బ్యాక్ అప్ ఎ లిటిల్’. ‘కమ్ స్ట్రెయిట్, కమ్ స్ట్రెయిట్’కి బదులు ‘కీప్ గోయింగ్’. వానాకాలంలో రోడ్డు మీద మోకాల్లోతు నీళ్ళుంటే: ‘యూ కాంట్ గెట్ త్రూ దిస్ వే, గో అరౌండ్.’ నీళ్ళలోంచి రాలేరు, చుట్టూ తిరిగి రండి.

సరిచూసుకోవడం ఎలా

నాకు బాగా నచ్చిన పద్ధతి ఆటలాంటిది. ఇంట్లో పిల్లల్నో తమ్ముణ్ణో నిలబెట్టి ఆజ్ఞలు ఇవ్వండి: ‘స్టాండ్ అప్. గో ఔట్. కమ్ బ్యాక్ ఇన్. గో అరౌండ్ ది చెయిర్. సిట్ డౌన్.’ మీరనుకున్నట్టే కదిలితే మీ వాక్యం సరైనదే. తర్వాత వాళ్ళు చెప్పాలి, మీరు కదలాలి. మా పాప నన్ను బాల్కనీలోకి పంపి ‘కమ్ బ్యాక్ ఇన్’ అనకుండా పావుగంట నిలబెట్టింది.

ఒంటరిగా ఉంటే ముక్క తీసేసి చూడండి. ‘ఐ గాట్ ఆఫ్ ది బస్’లో ‘ఆఫ్’ తీస్తే ‘ఐ గాట్ ది బస్’, అంటే బస్సు దొరికింది. అర్థం తారుమారైంది, కాబట్టి ఆ ముక్క ఉండాల్సిందే. ‘రిటర్న్ బ్యాక్’లో ‘బ్యాక్’ తీస్తే అర్థం ఏమీ మారలేదు, కాబట్టి అది అనవసరం.

నిజంగా జనం అలా అంటారా అని అనుమానమొస్తే యూగ్లిష్ అనే సైటులో ఆ మాటలు టైపు చేయండి, యూట్యూబ్ వీడియోల్లో ఎవరెవరు ఆ మాట అన్నారో సరిగ్గా ఆ క్షణం దగ్గర్నుంచి వినిపిస్తుంది. రెండు మూడు వీడియోలు చాలు. అక్కడే గంట గడిపేయకండి, నేను గడిపా.

రోజుకి అయిదు వాక్యాలు కూడా రాసే తీరిక లేనివాళ్ళు మెట్రోలో కూర్చుని మనసులోనే అనుకోండి. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒక వాక్యం: ఆవిడ దిగింది, ఆ అబ్బాయి పరిగెత్తుకుంటూ ఎక్కాడు, తాతగారు మెల్లగా జరిగారు.

ఇప్పుడు మీ వంతు. చేత్తో కింది జవాబులు మూసేసి వీటిని పైకి అనండి.

అ) ఆటో దిగా. 
ఆ) బైకెక్కు. 
ఇ) నన్ను మెట్రో దగ్గర దించు. 
ఈ) వాడు పరిగెత్తుకుంటూ బయటికొచ్చాడు. 
ఉ) ఇప్పుడే బయల్దేరా. 
ఊ) దిల్‌సుఖ్‌నగర్ దాటాం. 
ఋ) వాళ్ళని సాగనంపడానికి వెళ్ళా. 

జవాబులు: అ) ఐ గాట్ ఔట్ ఆఫ్ ది ఆటో. ఆ) గెట్ ఆన్ ది బైక్. ఇ) డ్రాప్ మీ ఆఫ్ ఎట్ ది మెట్రో. ఈ) హీ రాన్ ఔట్ (క్రికెట్‌లో వికెట్ పోవడం వేరు, అది ‘హీ వాజ్ రన్ ఔట్’). ఉ) ఐ’వ్ జస్ట్ సెట్ ఆఫ్. ఊ) వీ వెంట్ పాస్ట్ దిల్‌సుఖ్‌నగర్. ఋ) ఐ వెంట్ టు సీ దెమ్ ఆఫ్.

‘ఇ’లో ‘డ్రాప్ మీ ఎట్ ది మెట్రో’ అన్నవాళ్ళకీ మార్కులున్నాయి, అదీ సరైనదే. ఇక్కడి క్యాబ్ డ్రైవరు దించేస్తాడు, ఆ ‘ఆఫ్’ లేకుండా. రేపు పొద్దున ఎక్కినప్పుడు దాంతో కలిపి అనండి.